పసుపు గీతల మధ్య హెలికాప్టర్

నీలాద్రి కొన్నాళ్ళుగా అన్నం తింటూ, పళ్ళు తోముకుంటూ, ఆఫీసు మీటింగులో కెమెరా ఆపేసుకుని మరీ ఫోనులో హెలికాప్టర్లు చూస్తున్నాడు. నిజం హెలికాప్టర్లు కావు, రిమోటుతో ఎగరేసేవి. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో కాలేజీ మొత్తానికి హెలికాప్టర్ నీలాద్రి అంటే అతనే. తర్వాత ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, ఫ్లాటు కొన్నాడు, పొట్ట వచ్చింది. పదేళ్ళు ఎటు పోయాయో తెలీదు. ఇప్పుడు మళ్ళీ బొటనవేళ్ళు దురద పెడుతున్నాయి.

చిక్కల్లా ఏది కొనాలన్నదే. ఒక వీడియోలో కుర్రాడు పెద్దది కొనండి, గాలికి తట్టుకుంటుంది అంటాడు. ఇంకో వీడియోలో ఇంకో కుర్రాడు ఆ మాట విన్న వాళ్ళ హెలికాప్టర్లు ఎలా ముక్కలయ్యాయో నెమ్మదిగా తిప్పి తిప్పి చూపిస్తాడు. చివరికి నీలాద్రి ఫోను జేబులో పెట్టుకుని డాబాగార్డెన్స్‌లో పాత జిలానీ భాయ్ కొట్టుకి వెళ్ళాడు. కాలేజీ రోజుల్లో విరిగిన రెక్కలన్నీ అక్కడే మార్పించేవాడు.

"భాయ్, ఆ పై అరలో ఉన్న పెద్దది దించండి."

"రిమోటు ముట్టుకుని ఎన్నేళ్ళయింది బాబూ?"

"పదేళ్ళు. అయితే ఏంటి? చేతికొచ్చిన విద్య ఎక్కడికి పోతుంది?"

"మానేసి మళ్ళీ వచ్చినోళ్ళందరూ ఇదే మాట. మర్నాడు ముక్కలు సంచీలో వేసుకుని వస్తారు. చేతులు మర్చిపోయినాయన్న సంగతి చేతులకి తెలీదు కదా." జిలానీ భాయ్ పెద్దదాని వైపు చూడనైనా లేదు. కింది అరలోంచి రెండు చిన్న పెట్టెలు తీశాడు. "ఇదిగో, దీనికి ఒకదాని మీద ఒకటి రెండు రెక్కలు. దానంతట అదే నిలబడిపోద్ది. పసిపిల్లలది. నీకు రెండో రోజుకే విసుగు. ఇదేమో పైన ఒకటే రెక్క, తోకకి చిన్నది ఇంకోటి. లోపల ఒరిగిపోకుండా ఆపే గైరో ఉంది, అది సగం కాస్తుంది, మిగతా సగం నువ్వు కాసుకోవాలి. పడితే లేస్తుంది. గాలి లేని చోట, నాలుగు గోడల మధ్య ఎగరేసుకో."

నీలాద్రి దాన్ని అరచేతిలో పెట్టుకున్నాడు. ఎర్రటిది, నిగనిగలాడుతోంది. బరువు చూస్తే నిమ్మకాయంత. మనసు అక్కడికక్కడే పై అర వదిలేసి కింది అరకి దిగిపోయింది.

ఇంట్లో హైమ ఆ పెట్టెని చూసి, తర్వాత అటక వైపు చూసింది. ఆ అటక మీద నీలాద్రి గిటారు ఉంది, కరాటే బట్టలున్నాయి, చేపల్లేని చేపల తొట్టె ఉంది, ఒక్కసారి మాత్రమే చంద్రుణ్ణి చూసిన టెలిస్కోపు ఉంది.

"అక్కడ ఇంక చోటు లేదు, నీలూ. ఇది కూడా మూలన పడితే దీని బదులు నిన్ను ఎక్కిస్తాను."

"ఇది వేరు హైమా! ఇది నా పాత విద్య. నీకు తెలుసు కదా."

"తెలియకేం? కాలేజీ ఫెస్టులో ముందు వరసలో కూర్చున్న అమ్మాయి చేతిలో దింపుతానని మైకులో చెప్పి, ఆ అమ్మాయి జడలో దింపావు. ఆ అమ్మాయి జడ సగానికి కత్తిరించుకుని ఇంటికెళ్ళింది. ఆ అమ్మాయిని నేనే."

"అందుకే కదా క్షమాపణ చెప్పుకోడానికి మీ ఇంటికొచ్చాను. ఆ తర్వాతే కదా..."

"ఆ తర్వాతది తర్వాత. ఆదివారం లోపల ఇది నా చేతిలో దిగాలి. చేతిలో! దిగితే ఇంట్లో ఉంటుంది. లేకపోతే వచ్చిన పెట్టెలోనే భాయ్ కొట్టుకి తిరిగి వెళ్తుంది. ఇంకెప్పుడూ హాబీ అన్న మాట నా దగ్గర ఎత్తకూడదు."

నీలాద్రి ఒప్పుకున్నాడు. ఎంతసేపు పని? హాల్లో ఒక్క సాయంత్రం చాలు అనుకున్నాడు. తీరా చూస్తే హాల్లో ఫ్యాను ఆపితే చెమటకి రిమోటు చేతిలోంచి జారిపోతోంది, వేస్తే హెలికాప్టర్ జారిపోతోంది. పైగా గోడ పొడవునా హైమ ఏరి ఏరి తెచ్చుకున్న ఏటికొప్పాక బొమ్మలు వరసగా నిలబడి అతన్నే చూస్తున్నాయి. డాబా మీదికి పోయాడు. హెలికాప్టర్ జానెడు లేచిందో లేదో సముద్రం వైపు నుంచి ఒక గాలి వచ్చి, దాన్ని తీసుకెళ్ళి, నాలుగో అంతస్తు వాళ్ళు ఎండబెట్టుకున్న గుమ్మడి వడియాల్లో వేసింది.

"ఏటి బాబూ, దీన్ని కూడా వడియాల్తో పాటు ఎండెట్టాలేటి?" అన్నాడు వాచ్‌మన్ సింహాచలం, పిండి తుడుస్తూ.

నాలుగు గోడలు, పెద్ద గది, గాలి ఉండకూడదు. అలాంటిది ఆ కాలనీ మొత్తానికి ఒకటే ఉంది. క్లబ్ హౌస్. దాని తాళం సెక్రటరీ దగ్గర ఉంది. మధురవాడలో నీలాద్రి ఉండే ఆ కాలనీ పేరు సాగర శిఖర రెసిడెన్సీ. ఆరో అంతస్తు బాల్కనీలో నిలబడి మెడ బాగా చాస్తే సాగరం కనిపిస్తుంది, శిఖరం మాత్రం ఇంకా ఎవరికీ కనపడలేదు.

సెక్రటరీ సన్యాసిరావు గారు వాహనాల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. శాఖ ఆయన్ని వదిలింది గానీ ఆయన శాఖని వదల్లేదు. ఇంటి తలుపు తీస్తూనే నీలాద్రి చెప్పులు గడపకి ఏ వైపు విడిచాడో చూసి, ఎడమ వైపుకి జరిపించి, తర్వాత లోపలికి రమ్మన్నారు.

"క్లబ్ హౌస్ ఒక గంట కావాలి సార్. హెలికాప్టర్ ఎగరేసుకోడానికి."

"హెలికాప్టరు," అన్నారు సన్యాసిరావు గారు, ఆ మాట బరువు చూస్తున్నట్టు. "సదరు హెలికాప్టరుకు మోటారు కలదా?"

"ఉంది సార్. చిన్నది. వేలి గోరంత."

"మోటారు పరిమాణము గురించి నేను అడగలేదు. అది కదులునా?"

"కదలకపోతే ఎలాగండీ, ఎగురుతుంది!"

"అయితే వాహనమే. మన నిబంధన స్పష్టంగా ఉంది. ఆవరణలో మోటారు కలిగి, స్థానము మారునది ఏదైనా వాహనముగా పరిగణించబడును."

"అలాగైతే మిక్సీ కూడా..."

"మిక్సీ స్థానము మారదు. రెండో అంతస్తులో కామేశ్వరి గారి వాషింగ్ మిషను బట్టలు పిండేటప్పుడు బాత్రూమ్ నుంచి వంటింటి దాకా నడిచి వస్తున్నదని ఫిర్యాదు అందినది. దానికి స్టిక్కరు వేయించాము. ఇప్పుడు చట్టబద్ధముగా నడుచుచున్నది."

ఆయన మొహంలో నవ్వు లేదు. నీలాద్రి కూడా నవ్వలేదు, ఎందుకంటే తాళం ఆయన వెనకాల మేకుకి వేలాడుతోంది.

మర్నాడు సాయంత్రం కమిటీ కూర్చుంది. బల్ల మధ్యలో స్టీలు పళ్ళెం, పళ్ళెంలో హెలికాప్టర్. అధ్యక్షురాలు కాత్యాయని గారు ఆడపిల్లల కాలేజీకి ప్రిన్సిపాల్‌గా చేసినావిడ. ఏ సంగతైనా సభ పెట్టి, దీపం వెలిగించి, శాలువా కప్పితే తప్ప జరిగినట్టు కాదని ఆవిడ గట్టి నమ్మకం. అప్పటికే ఆవిడ మొహం దీపంలా వెలుగుతోంది.

"పక్క కాలనీ వాళ్ళకి ఈత కొలను ఉందని తెగ మిడిసిపడుతున్నారు. మనకి హెలికాప్టర్! నీలాద్రీ, నువ్వు మన కాలనీ పేరు ఆకాశానికి ఎత్తేశావయ్యా."

"ఇంకా ఎత్తలేదు మేడమ్, తాళం ఇస్తే ఎత్తుతాను."

"ఆగండి," అన్నారు సన్యాసిరావు గారు. "వాహనము అన్న తర్వాత పద్ధతి ఉన్నది. మొదటిది, స్టిక్కరు." కారు అద్దానికి అంటించే గుండ్రటి స్టిక్కరు తీసి హెలికాప్టర్ పక్కన పెట్టారు. స్టిక్కరే పెద్దది. చివరికి దాన్ని రొట్టెలా మడిచి తోకకి చుట్టారు. "రెండవది, నంబరు ప్లేటు. ముందొకటి, వెనకొకటి. మూడవది, వెనక వచ్చు వాహనములు కనపడుటకు అద్దములు."

"వెనక వచ్చేవి ఏముంటాయి సార్? కాకులా?"

"కాకులకు మోటారు లేదు. అవి మన పరిధిలోకి రావు." ఆయన జాబితాలో అద్దాల మీద ఒక గీత గీసి కొట్టేశారు. "నాలుగవది, వేగము. ఆవరణలో నడక వేగము మించరాదు. కార్లకు స్పీడు బ్రేకర్లు ఉన్నవి. మరి గాలిలో?"

ఈ ప్రశ్నకి కమిటీ మొత్తం తలలు పైకెత్తి సీలింగు చూసింది. కాసేపటికి కాత్యాయని గారే దారి చూపించారు. వినాయక చవితికి కట్టిన తాళ్ళు స్టోర్ రూములో ఉన్నాయి, వాటిని క్లబ్ హౌస్‌లో ఈ గోడ నుంచి ఆ గోడకి అడ్డంగా కడితే హెలికాప్టర్ ప్రతి తాడు దగ్గరా నెమ్మదించి, ఎక్కి దిగుతుంది. అందరికీ నచ్చింది. గాలిలో స్పీడు బ్రేకర్లు ఏకగ్రీవంగా తీర్మానమయ్యాయి.

"ఐదవది," అన్నారు సన్యాసిరావు గారు, "డ్రైవరు లోపల కూర్చొనవలెను. డ్రైవరు లేకుండా వాహనము కదిలించుట నేరము."

నీలాద్రి పళ్ళెం వైపు చూశాడు. ఆ హెలికాప్టర్‌లో కూర్చోవాలంటే చీమ కూడా కాళ్ళు ముడుచుకోవాలి.

"సార్, నేను బయట నిలబడి రిమోటుతో నడుపుతాను. ఇది బొమ్మ సార్!"

"బొమ్మకు స్టిక్కరు ఇవ్వము. స్టిక్కరు ఇచ్చితిమి కనుక బొమ్మ కాదు."

నీలాద్రికి ఆదివారం గడువు గుర్తొచ్చింది.

"అయితే ఎగరడమే కుదరదా సార్? కదిలితే నేరమంటే..."

"పార్కింగులో అభ్యంతరము లేదు. వాహనము పసుపు గీతల లోపల ఉన్నంతసేపు, ఎంత కదిలినా, నిలిపి ఉన్నట్లే లెక్క. ఆ సవరణ లేకపోతే మన పరమేశం గారిని ఎప్పుడో పోలీసులకు అప్పజెప్పవలసి వచ్చెడిది." పరమేశం గారు బీ బ్లాకు ఆయన. కారు నేర్చుకుంటున్నారు. గేటు దాటే ధైర్యం లేక తన పార్కింగ్ చోట్లోనే ముందుకి మూరెడు, వెనక్కి మూరెడు నడుపుకుంటూ ఉంటారు. అలా తిరిగిన దూరం కలిపితే ఈపాటికి శ్రీకాకుళం దాటిపోయుండాలి.

కాత్యాయని గారికి ఈ గొడవలన్నీ చిన్నవిగా కనపడ్డాయి. "నిబంధనలు మనం రాసుకున్నవే కదండీ. ప్రారంభోత్సవానికి సడలింపు ఇద్దాం, ఒక్క విమానం... ఒక్క ఎగురుడు. ఆదివారం పొద్దున్నే, క్లబ్ హౌస్‌లో, అందరి సమక్షంలో."

ఆదివారం పొద్దున్న! నీలాద్రికి ఆవిడ కాళ్ళ మీద పడాలనిపించింది. అందరి ముందు లేస్తుంది, ముందు వరసలో కూర్చున్న హైమ చేతిలో దిగుతుంది. ఇంతకన్నా ఏం కావాలి?

ఆ రాత్రి కాలనీ గ్రూపులో సందేశం వచ్చింది: మన కాలనీకి హెలికాప్టర్ సౌకర్యం. ఫొటోలో కొలతకి పక్కన ఏమీ లేదు. పొద్దున్నే నీలాద్రి ఫోను మోగడం మొదలైంది. ఒకాయన తన అల్లుడు విమానాశ్రయంలో దిగుతున్నాడు, కొంచెం తీసుకొచ్చి పెట్టమన్నారు. ఇంకొకావిడ సింహాద్రి అప్పన్న కొండ మీదికి మోకాళ్ళ నొప్పుల వాళ్ళకి ముందు సీటు ఇస్తారా అని అడిగింది. హెలికాప్టర్ అరచేతిలో పడుతుందని నీలాద్రి చెప్తే, "ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని చెప్పొచ్చు కదా బాబూ, ఎందుకా మాటలు?" అని పెట్టేసింది.

ఆదివారం క్లబ్ హౌస్ కిటకిటలాడిపోయింది. గోడ నుంచి గోడకి తాళ్ళు, తాళ్ళకి రంగు కాగితాలు. నేల మీద ముగ్గుతో గుండ్రం, గుండ్రంలో హెలికాప్టర్. ముందు వరసలో హైమ, కుడి చెయ్యి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, జడ మాత్రం ముందు జాగ్రత్తగా ముడి చుట్టుకుని కూర్చుంది.

"మొదలెట్టనా మేడమ్?" అన్నాడు నీలాద్రి, బొటనవేళ్ళు రిమోటు మీద పెట్టి.

"కొత్త బండి కదయ్యా, పూజ చెయ్యకుండా ఎలా తీస్తాం?" అన్నారు కాత్యాయని గారు.

పంతులు గారు ఎన్నో లారీలకీ, ట్రాక్టర్లకీ వాహన పూజ చేసినవారు. ఆయన చెయ్యి లారీకి అలవాటు పడిన చెయ్యి. ముందు పసుపు రాశారు. పసుపు మీద కుంకుమ పెట్టారు. మీదికి బంతిపూల దండ వేశారు, హెలికాప్టర్ మాయమైపోయింది. తర్వాత చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు తీసి, చక్రాలు లేవని గమనించి కాసేపు ఆలోచించారు.

"చక్రాల్లేని బండికి శాస్త్రంలో కింద పెట్టడం కుదరదు. కట్టేద్దాం," అని, దిష్టి తగలకుండా నిమ్మకాయలూ పచ్చిమిరపకాయలూ దారానికి గుచ్చి, రెక్క కింద ఇనప చువ్వకి గట్టిగా ముడేసేశారు.

"పంతులు గారూ, అది నిమ్మకాయంత బరువే అండీ!" అని గొంతు చించుకున్నాడు నీలాద్రి. ఆ కేక బాజా మోతలో కలిసిపోయింది. సింహాచలం గుమ్మడికాయ దిష్టి తీసి గుమ్మం ముందు టప్పుమని పగలగొట్టాడు. రిబ్బను కత్తిరించారు. పెద్దవాళ్ళకి ఉక్కపోస్తోందని ఎవరో ఫ్యాన్లన్నీ వేసేశారు.

నీలాద్రి రిమోటు మీది థ్రాటిల్ పుల్ల పైకి నెట్టాడు. పువ్వుల గుట్ట లోపల ఈగ మూలిగినట్టు శబ్దం వచ్చింది. ఒక బంతిపువ్వు కొంచెం తల ఊపింది. దండ పక్కకి ఒరిగింది. అంతే.

సభ చప్పట్లు కొట్టింది.

"లేచింది! లేచింది!" అన్నారు వెనక వరసల వాళ్ళు, వాళ్ళకి ఎలాగూ ఏమీ కనపడలేదు.

"సదరు వాహనము విజయవంతముగా ఎగిరినట్లు సభ ఏకగ్రీవముగా గుర్తించినది," అని సన్యాసిరావు గారు మైకులో ప్రకటించారు. "సడలింపు ఇంతటితో ముగిసినది. క్లబ్ హౌసు మనుషుల కొరకు. ఇకపై వాహనము సెల్లారులో తనకు కేటాయించిన పార్కింగులోనే ఉండవలెను." కాత్యాయని గారు నీలాద్రికి శాలువా కప్పారు. తర్వాత పులిహోర పెట్టారు.

నీలాద్రి పులిహోర పక్కన పెట్టి హైమ దగ్గరికి వెళ్ళాడు. హైమ చెయ్యి ఇంకా వెల్లకిలాగానే ఉంది. అందులో ఎవరో ఒక లడ్డూ పెట్టి వెళ్ళారు.

"సభ ఏకగ్రీవంగా ఎగిరిందందట," అన్నాడు చిన్నగా.

"నా చెయ్యి సభలో లేదు నీలూ. ఈ చేతిలో ఏదీ దిగలేదు, లడ్డూ తప్ప." ఆమె గొంతులో వెక్కిరింత ఉంది గానీ కళ్ళలో లేదు. "రేపు పొద్దున్నే భాయ్ కొట్టుకి ఇచ్చేసి రా."

సింహాచలం పళ్ళెం ఎత్తుకుని ముందు నడిచాడు. నీలాద్రి శాలువాతో వెనక. శవయాత్రలా ఉంది. రెండు మెట్ల వరసలు దిగితే సెల్లారు. హెలికాప్టర్‌కి కేటాయించిన చోటు ఒక మూల, రెండు స్తంభాల మధ్య, పెద్ద కారు పట్టేంత. చుట్టూ కొత్తగా వేసిన పసుపు గీతలు, రంగు ఇంకా వాసన వస్తోంది. మధ్యలో పళ్ళెం పెట్టి సింహాచలం చెమట తుడుచుకున్నాడు.

"ఏటి ఉక్క బాబూ ఇక్కడ! ఒక్క పిసరు గాలి ఆడదు."

నీలాద్రి ఆగిపోయాడు. శాలువా అంచు వైపు చూశాడు. కదలడం లేదు. ఫ్యాను లేదు, కిటికీ లేదు, తాళ్ళు లేవు, ఏటికొప్పాక బొమ్మలు లేవు. నాలుగు గోడలు. పసుపు గీతలు. గీతల లోపల ఎంత కదిలినా...

మెట్లు ఎలా ఎక్కాడో అతనికే గుర్తు లేదు. "హైమా! రా! చెయ్యి పట్టుకుని రా!"

"చెయ్యి నాతోనే ఉంటుంది, ఎక్కడికి?"

హైమ స్కూటరు మీది హెల్మెట్ తీసి తలకి పెట్టుకుని మరీ దిగింది. ముడిని కూడా ఆమె నమ్మలేదు. నీలాద్రి అప్పటికే దండ తీసేశాడు, నిమ్మకాయలు విప్పేశాడు, పసుపు తుడిచేశాడు. తోకకి చుట్టిన స్టిక్కరు నెమ్మదిగా ఊడదీసి పక్క స్తంభానికి అంటించాడు. ఎర్రటి హెలికాప్టర్ మళ్ళీ నిగనిగలాడుతూ బయటపడింది.

"గీత దాటొద్దు," అన్నాడు. ఆమె గీత లోపల నిలబడి కుడి చెయ్యి చాచింది.

మొదటిసారి లేచింది, స్తంభం వైపు పోయి గుద్దుకుని పడింది. జిలానీ భాయ్ చెప్పినట్టే లేచింది. రెండోసారి గుండ్రంగా తిరిగి తిరిగి, చేతులు పదేళ్ళ కిందటి మాట ఒకటి గుర్తు తెచ్చుకున్నట్టు, నిలబడింది. గాలిలో కదలకుండా. సన్నటి ఝుం.

"సింహాచలం! ఏమిటా చప్పుడు?" సన్యాసిరావు గారు పులిహోర చేతిలో పట్టుకునే మెట్లు దిగి వచ్చారు. "వాహనము డ్రైవరు లేకుండా కదులుచున్నది!"

"పార్క్ చేసుంది సార్," అన్నాడు నీలాద్రి, కళ్ళు తిప్పకుండా. "గీత చూసుకోండి."

సన్యాసిరావు గారు గీత చూశారు. కింద కూర్చుని, ఒక కన్ను మూసి, గీత నుంచి నిలువుగా పైకి చూశారు. హెలికాప్టర్ గీతకి మూరెడు ఇవతల ఉంది. చివరికి నిబంధనే గెలిచింది.

"సక్రమముగానే నిలిపి ఉన్నది," అన్నారు. "పరమేశం గారి కన్నా నయము."

నీలాద్రి థ్రాటిల్ వెంట్రుకవాసి తగ్గించాడు. హెలికాప్టర్ దిగింది. హెల్మెట్ దాకా వచ్చి, అక్కడ ఒక్క క్షణం జడ కోసం వెతికినట్టు తటపటాయించి, కొంచెం ముందుకి జరిగి, చాచిన అరచేతిలో కూర్చుంది. రెక్క నెమ్మదించి ఆగింది. హైమ వేళ్ళు ముడవకుండా అలాగే పట్టుకుని నిలబడింది, పిట్ట వాలినట్టు.

సన్యాసిరావు గారు గొంతు సవరించుకున్నారు.

"అభ్యంతరము. వాహనము నిలిపిన స్థలమునకు స్టిక్కరు లేదు. ఇప్పుడది మేడమ్ గారి చేతిలో ఉన్నది. మేడమ్ గారి చేతికి స్టిక్కరు కలదా?"

హైమ హెల్మెట్ అద్దం పైకెత్తింది. ఎడమ చేత్తో స్తంభం మీది స్టిక్కరు ఊడదీసి, కుడి మణికట్టుకి గాజులా చుట్టుకుని, చెయ్యి ఆయన ముందుకి చాపింది.

సన్యాసిరావు గారు వంగి చూశారు. తృప్తిగా తల ఊపి, పులిహోర తింటూ మెట్లెక్కి వెళ్ళిపోయారు.

"చూశావా? దిగింది!" అన్నాడు నీలాద్రి. "ఇంక రేపు భాయ్ కొట్టుకి..."

"గొడవ చెయ్యకు," అంది హైమ, హెలికాప్టర్‌ని పళ్ళెంలో పెట్టి, స్టిక్కరు విప్పి ఎడమ మణికట్టుకి మార్చుకుంటూ. "ఇంకోసారి ఎగరెయ్యి. ఈసారి ఈ చేతిలో దింపు."